ఎర్రబడితే పండినట్టేనా? స్ట్రాబెర్రీ పక్వత వెనుక జన్యువులు

(వృక్ష శాస్త్రవేత్త ఎడవలెత్ కక్కట్ జానకీ అమ్మాళ్ స్మృతికి అంకితమైన ఉపన్యాసం)

ముదిరిన బంగినపల్లి కాయను కోసి వరిగడ్డిలో మాగబెడితే నాలుగైదు రోజుల్లో, మహా అయితే వారంలో పండుతుంది. అరటి గెల చెట్టు దిగాక గదిలో పండుతుంది. సపోటా, సీతాఫలం, బొప్పాయి కూడా ఈ కోవలోవే. రైతుకూ వ్యాపారికీ ఇది ఎంత పెద్ద వెసులుబాటో చెప్పనక్కర్లేదు. కాయ గట్టిగా ఉన్నప్పుడే లారీకెక్కించి, అమ్మే ఊళ్లో పండించుకోవచ్చు. స్ట్రాబెర్రీ విషయంలో ఆ ఉపాయం సాగదు. సగం తెల్లగా ఉన్న కాయను తెంపితే ఒకటి రెండు రోజుల్లో ఇంకాస్త ఎర్రబడుతుంది, మెత్తబడుతుంది. తీపి మాత్రం తెంపిన పూట ఎంత ఉందో అంతే. బత్తాయి, ద్రాక్ష, దానిమ్మ, అనాస కూడా ఇలాంటివే. చెట్టు మీద పండాలి, లేకపోతే లేదు. ఒక పండు తెంపాక ఎందుకు పండుతుంది, మరొకటి ఎందుకు పండదు అన్న ప్రశ్న వెంట పోయిన శాస్త్రవేత్తలకు స్ట్రాబెర్రీ ఊహించని జవాబులు ఇచ్చింది. రంగు కొన్ని జన్యువుల చేతిలో, వాసన మరికొన్నిటి చేతిలో, మెత్తదనం ఇంకొన్నిటి చేతిలో ఉన్నాయనీ, మనం పండు అని ఒక్క మాటలో చెప్పేది నిజానికి విడివిడిగా జరిగే పనుల కూడిక అనీ ఆ పండే చూపించింది.

ఈ విషయాన్ని జానకీ అమ్మాళ్ స్మృతిలో చెప్పుకోవడం సముచితం. 1897లో తలశ్శేరిలో పుట్టిన ఆమె, 1931లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రంలో చెరకు జాతుల సంకరాల మీద పనిచేశారు. ఇంగ్లండ్ వెళ్లి, సి.డి. డార్లింగ్టన్‌తో కలిసి 1945లో సాగు మొక్కల క్రోమోజోముల సంఖ్యలన్నిటినీ ఒకచోట చేర్చిన గ్రంథం వెలువరించారు. ఒక మొక్కలో క్రోమోజోముల జతలు రెట్టింపు, నాలుగింతలు ఎందుకవుతాయి, అయితే దాని రూపం, గుణం ఎలా మారతాయి అన్నది ఆమె జీవితమంతా వెంటాడిన ప్రశ్న. మామూలు మొక్కకు ప్రతి క్రోమోజోమూ రెండేసి ఉంటే, బజారులో దొరికే స్ట్రాబెర్రీకి ఎనిమిదేసి ఉంటాయి, మొత్తం 56. ఆమె కాలంలో వాటిని సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టగలిగారు, వాటిలో రాసి ఉన్నదాన్ని చదవలేకపోయారు. ఆ చదువు ఆమె 1984లో కన్నుమూసిన తరవాతే మొదలైంది.

పక్వత శాస్త్రం మాత్రం అంతకు చాలా ముందే, ఆపిల్‌తో మొదలైంది. 1920లలో కేంబ్రిడ్జిలో ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ నిల్వ చేసిన ఆపిల్ పళ్ల శ్వాసక్రియను కొలుస్తూ ఒక వింత గమనించారు. పండే వేళకు శ్వాస ఒక్కసారిగా ఎగసి, ఆపైన తగ్గుతోంది. ఆ ఎగుడుకు వాళ్లు క్లైమాక్టెరిక్ అని పేరు పెట్టారు. 1934లో రిచర్డ్ గేన్, ఆపిల్ తన లోపలి నుంచే ఇథిలీన్ వాయువును వెలువరిస్తుందని రుజువు చేశాడు. ఒక పండు వదిలిన ఇథిలీన్ పక్కనున్న కాయను పండిస్తుంది, అదీ మరింత ఇథిలీన్ వదులుతుంది. మన మామిడి మండీల్లో కాల్షియం కార్బైడ్ వాడకం ఈ సూత్రం మీదే నడిచింది. కార్బైడ్ నుంచి వచ్చే ఎసిటిలీన్, ఇథిలీన్ చేసే పనే చేస్తుంది. దాని విషపు మలినాల కారణంగా కార్బైడ్‌ను చట్టం నిషేధించింది. పండించే గదుల్లో 100 పీపీఎం మించకుండా ఇథిలీన్ వాడుకోవచ్చని జాతీయ ఆహార భద్రతా సంస్థ అనుమతించింది. స్ట్రాబెర్రీ కూడా కాస్త ఇథిలీన్ వదులుతుంది కానీ అది అతి స్వల్పం. శ్వాస ఎగసిపడటం అనే ఘట్టం దానికి లేదు. ఇథిలీన్ గదిలో పెట్టినా దానికి తీపి రాదు.

అందుకే చాలాకాలం పరిశోధనంతా టమాటా చుట్టూ తిరిగింది. పండకుండా పసుపుగా మిగిలిపోయే రిన్ అనే టమాటా రకం 1960లలో బయటపడింది. ఆ లోపానికి మూలమైన జన్యువును 2002లో గుర్తించారు. 1994లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఫ్లేవర్ సేవర్ టమాటా, మెత్తబడటం ఆలస్యమయ్యేలా జన్యుమార్పు చేసిన తొలి పండు. ఇథిలీన్ మీట నొక్కితే పండు పండుతుంది అన్న సూత్రంతో ఒక శాఖ అంతా ఎదిగింది. ఆ మీట లేని పళ్లను మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

స్ట్రాబెర్రీని అర్థం చేసుకోవాలంటే ముందు దాని శరీరం తెలియాలి. ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రంలో అనృత ఫలాల పాఠం గుర్తున్నవాళ్లకు ఆపిల్, జీడిమామిడి పక్కన స్ట్రాబెర్రీ పేరు కూడా గుర్తుంటుంది. పలాస, ఉద్దానం వైపు పిల్లలు చీకే జీడిమామిడి పండు ఎలాగైతే ఉబ్బిన పూకాడో, స్ట్రాబెర్రీలో మనం తినే ఎర్రటి కండ ఉబ్బిన పుష్పాసనం. అసలు పళ్లు వేరే ఉన్నాయి. పైన గింజల్లా గుచ్చుకుని కనిపించేవే దాని నిజమైన ఫలాలు. ఒక్కో దానిలో ఒక్కో విత్తనం. వాటిని అకీన్లు అంటారు. ఒక్క స్ట్రాబెర్రీ మీద అవి వంద నుంచి రెండు, మూడు వందల దాకా ఉంటాయి. విత్తనాన్ని లోపల దాచుకునే మామిడికీ, విత్తనాలను ఒంటి మీద మోసే స్ట్రాబెర్రీకీ తేడా అంతా ఇక్కడే మొదలవుతుంది. విత్తనాలు బయట ఉండటం వల్లే దీని మీద పనిచేసేవారికి ఒక అరుదైన సదుపాయం దొరికింది. పండును కోయకుండానే విత్తనాలను ఒక్కొక్కటిగా తీసేసి ఏం జరుగుతుందో చూడొచ్చు.

1950లో జె.పి. నిచ్ అదే చేశాడు. పిందె మీది అకీన్లన్నిటినీ తీసేస్తే పిందె ఎదగడం ఆగిపోయింది. ఒక్కటి మిగిల్చితే దాని కింద మాత్రమే కండ ఉబ్బింది. వరుసగా కొన్ని మిగిల్చితే ఆ వరుస వెంటే ఉబ్బి, పండు వింత ఆకారం తీసుకుంది. తీసేసిన అకీన్ల చోట ఆక్సిన్ జాతి హార్మోను కలిపిన లానోలిన్ పూస్తే, విత్తనాలు లేకపోయినా పిందె మామూలుగా ఎదిగింది. ఖరీదైన పరికరమేదీ అక్కర్లేని ఈ ప్రయోగం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది, ఉండాలి కూడా. కండను పెంచేది విత్తనం పంపే ఆక్సిన్ అని దానితో తేలిపోయింది.

ఇంకో సగం నిజం బయటపడటానికి మరో 38 ఏళ్లు పట్టింది. 1988లో గివెన్, వెనిస్, గ్రియర్సన్ పచ్చి కాయ మీద ఒక పక్క మాత్రమే అకీన్లు తీసేశారు. ఆ పక్క ముందుగా ఎర్రబడింది. అకీన్లు ఉన్న పక్క పచ్చిగానే ఉండిపోయింది. తీసేసిన పక్క ఆక్సిన్ పూస్తే ఎర్రబడటం ఆగింది. పిందె దశలో కండను పెంచిన హార్మోనే, కాయ దశలో దాన్ని పండనివ్వకుండా ఆపుతోందన్న మాట. విత్తనం పూర్తిగా ముదరకముందే పండు తీపెక్కి, పక్షో జంతువో తినేస్తే మొక్కకు నష్టం. అందుకని విత్తనం సిద్ధమయ్యేదాకా కండను ఆపి ఉంచే అధికారం విత్తనానికే ఉంది. అది ముదిరి, ఆక్సిన్ పంపడం తగ్గించినప్పుడే కండకు పండే వీలు దొరుకుతుంది.

ఆ ఆక్సిన్ అకీన్‌లో కచ్చితంగా ఎక్కడ తయారవుతోంది? మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో ఝోంగ్చీ ల్యూ బృందం అడవి స్ట్రాబెర్రీ పూవునూ పిందెనూ భాగాలుగా విడదీసి, ఏ కణజాలంలో ఏ జన్యువు పనిచేస్తోందో 2013లో పట్టిక వేసింది. ఆక్సిన్, జిబ్బెరెల్లిన్ హార్మోన్లను తయారుచేసే జన్యువులు ప్రధానంగా విత్తనంలోని అంకురచ్ఛదంలో, బీజకవచంలో పనిచేస్తున్నాయని తేలింది. పిండానికి ఆహారం నిలవ చేసే కణజాలమే బయటి కండ ఎప్పుడు ఎదగాలో కూడా నిర్ణయిస్తోంది.

ఆక్సిన్ తప్పుకుంటే ఆ స్థానంలోకి వచ్చేది ఏది? టమాటాలో అయితే ఇథిలీన్. స్ట్రాబెర్రీలో ఆ పాత్ర అబ్సిసిక్ ఆమ్లానిది. నీటి ఎద్దడి వచ్చినప్పుడు ఆకుల రంధ్రాలు మూయించే హార్మోనుగా, గింజను నిద్రపుచ్చే హార్మోనుగా దానికి ఎప్పటి నుంచో పేరుంది. పండును పండించే పనిలో దానికి ఇంత పెద్ద వాటా ఉంటుందని ఎవరూ అనుకోలేదు. 2011లో చైనా శాస్త్రవేత్తలు అబ్సిసిక్ ఆమ్లం తయారీకి కీలకమైన ఎన్‌సీఈడీ1 జన్యువు పనిని స్ట్రాబెర్రీ కాయలో ఆపేశారు. ఆ కాయలు ఎర్రబడలేదు. వాటికే బయటి నుంచి అబ్సిసిక్ ఆమ్లం ఇస్తే ఎర్రబడ్డాయి. ఆ హార్మోనును పసిగట్టే గ్రాహకాల జన్యువులను ఆపినప్పుడు కూడా పక్వత కుంటుపడింది.

ఇలాంటి ప్రయోగాలకు దారి వేసింది 2006లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో థామస్ హాఫ్‌మన్, విల్ఫ్రీడ్ ష్వాబ్‌ల బృందం రూపొందించిన పద్ధతి. కాయ ఇంకా మొక్కకే ఉండగా, పూత విచ్చిన రెండు వారాలకు, అగ్రోబాక్టీరియం అనే సూక్ష్మజీవిని సూదితో కాయలోకి ఎక్కిస్తారు. ఆపదలచుకున్న జన్యువుకు సరిపోయే ఆర్‌ఎన్‌ఏ ముక్కను తయారుచేయించే డీఎన్‌ఏను ఆ సూక్ష్మజీవి లోపలికి తీసుకుపోతుంది. రంగు తయారీలో మొదటి మెట్టయిన చాల్కోన్ సింథేస్ జన్యువును అలా ఆపితే, ఎర్రబడాల్సిన పండు తెల్లగా మిగిలింది. కొత్త మొక్కను పెంచి కాపుకోసం నెలల తరబడి కాచుకునే పని తప్పింది. ఒక జన్యువు పక్వతకు అవసరమా కాదా అన్నది కొద్ది వారాల్లో తేలిపోసాగింది.

ఆక్సిన్ వెళ్లడానికీ అబ్సిసిక్ ఆమ్లం రావడానికీ మధ్య ముడి 2018లో బయటపడింది. అబ్సిసిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టే ఎంజైముకు సంబంధించిన జన్యువు ఒకటుంది. దాని పేరు సీవైపీ707ఏ4ఏ. పిందె దశలో ఆక్సిన్, జిబ్బెరెల్లిన్ రెండూ కలిసి ఈ జన్యువును ఉరకలు వేయిస్తాయి. దాంతో అబ్సిసిక్ ఆమ్లం తయారైనది తయారైనట్టే విరిగిపోతుంది. విత్తనం ముదిరి ఆ రెండు హార్మోన్లూ తగ్గగానే విరగ్గొట్టే పని మందగిస్తుంది, అబ్సిసిక్ ఆమ్లం వేగంగా పోగుపడుతుంది. 1950, 1988 నాటి రెండు ప్రయోగాలకూ ఒకే జవాబు దొరికింది ఇక్కడే. స్ట్రాబెర్రీ పరిశోధన మొత్తంలో ఇంత తేటగా కథ ముడిపడిన చోటు మరొకటి లేదనాలి.

తెంపిన కాయ ఎందుకు తీపెక్కదో కూడా ఇప్పుడు చెప్పుకోవచ్చు. అరటిలో పిండిపదార్థం దండిగా ఉంటుంది. గెల దిగాక అది చక్కెరగా మారుతుంది. ఎదిగిన స్ట్రాబెర్రీ కాయలో అలాంటి నిలవ దాదాపు ఉండదు. తీపంతా ఆకుల్లో తయారై, తొడిమ గుండా సుక్రోజ్‌గా వచ్చి చేరాల్సిందే. అబ్సిసిక్ ఆమ్లం ఎంత ఉన్నా, తొడిమ తెగాక చక్కెర రావడానికి దారి లేదు.

హార్మోను సంకేతాన్ని అందుకుని పనులు పురమాయించే జన్యువులు మరికొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ఆర్‌ఐఎఫ్. స్పెయిన్‌లోని మాలగా పరిశోధకులు 2021లో దాని పని తగ్గించి చూస్తే రంగు, మెత్తదనం, చక్కెర, హార్మోన్లు అన్నీ దెబ్బతిన్నాయి. డీఎన్‌ఏకు అంటుకుని ఉండే మిథైల్ ముద్రల సంగతి ఇంకా ఆసక్తికరం. ఆ ముద్రలు దట్టంగా ఉన్నచోట జన్యువులు సాధారణంగా మూగబోతాయి. పండే వేళకు టమాటాలోనూ స్ట్రాబెర్రీలోనూ అవి తగ్గుతాయి. టమాటా వాటిని ఒక ఎంజైముతో చెరిపేస్తుంది. స్ట్రాబెర్రీ కొత్తగా ముద్రలు వేసే యంత్రాంగాన్ని సడలిస్తుంది. ముద్రలు పడకుండా ఆపే మందు ఇస్తే స్ట్రాబెర్రీ ముందే పండుతుందని 2018లో చూపించారు.

ఇంతవరకూ చెప్పిన వాటిలో కొంత భాగం అడవి స్ట్రాబెర్రీ మీద, అంటే ఫ్రగేరియా వెస్కా మీద జరిగింది. ఐరోపా అడవుల్లో దొరికే వేలిగోరంత పండు అది. దానికి రెండేసి చొప్పున 14 క్రోమోజోములే. సుమారు 24 కోట్ల అక్షరాల దాని జన్యుపటాన్ని 2011లో ప్రచురించారు. 34,809 జన్యువులు లెక్కకు వచ్చాయి. బజారు స్ట్రాబెర్రీ వేరే జాతి, దాని పుట్టుక కథ చెప్పుకోదగ్గది. 1712లో ఫ్రాన్స్ రాజు పంపిన అమెడె ఫ్రెజియే అనే సైనిక ఇంజనీరు, స్పెయిన్ వారి కోటల వివరాలు రహస్యంగా సేకరించడానికి చిలీ, పెరూ తీరాలకు వెళ్లాడు. అక్కడి కాన్సెప్సియాన్ ప్రాంతంలో స్థానికులు తరతరాలుగా సాగుచేస్తున్న పెద్ద స్ట్రాబెర్రీని చూసి, మొక్కలు ఓడెక్కించాడు. 1714లో ఫ్రాన్స్ చేరేసరికి ఐదు మొక్కలు బతికాయి. అవి ఆడ మొక్కలు కావడంతో పూసినా కాయలేదు. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన వర్జీనియా స్ట్రాబెర్రీ పక్కన నాటినప్పుడు దాని పుప్పొడి తగిలి కాశాయి. ఆ కలయికలోంచి పుట్టిందే నేటి స్ట్రాబెర్రీ. ఆ పుట్టుకను గుర్తించి 1766లో పుస్తకం రాసిన ఆంట్వాన్ నికొలా ద్యుషేన్ వయసు అప్పటికి 19 ఏళ్లు. డార్విన్, మెండెల్ ఇద్దరూ ఇంకా పుట్టని కాలంలో, రెండు ఖండాల మొక్కలు కలిసి కొత్త పండు పుట్టిందని ఒక కుర్రవాడు కనిపెట్టాడు.

ఆ సంకరం జన్యుపటం 2019లో వచ్చింది. కామరోసా అనే కాలిఫోర్నియా రకం మీద పనిచేసిన శాస్త్రవేత్తలు సుమారు 80 కోట్ల అక్షరాలు, 1,08,087 జన్యువులు లెక్కతేల్చారు. దాని ఎనిమిది క్రోమోజోమ్ వరుసలు నాలుగు పూర్వజాతుల నుంచి వచ్చాయి. వాటిలో రెండు అడవి వెస్కా, జపాన్‌లో పెరిగే ఐనుమే అని అందరూ ఒప్పుకుంటారు. తక్కిన రెండు ఏవన్నది వివాదంలో ఉంది. నాలుగు కుటుంబాలు ఒకే కప్పు కింద ఉన్న ఉమ్మడి ఇంట్లో ఒకరి మాట చెల్లినట్టు, ఇక్కడ వెస్కా నుంచి వచ్చిన జన్యువుల మాటే ఎక్కువ చెల్లుతోంది. మొక్క రెట్టింపు క్రోమోజోములతో ఎలా సర్దుకుంటుందన్న జానకీ అమ్మాళ్ ప్రశ్నకు అక్షరాల స్థాయిలో దొరికిన జవాబుల్లో ఇది ఒకటి. పనిలో ఉన్న చిక్కు కూడా ఇదే. ఒక జన్యువును మార్చాలంటే దాని ప్రతులు ఎనిమిది దాకా ఉండవచ్చు. అన్నిటినీ తాకకపోతే మిగిలినవి ఆ పని చక్కబెట్టేస్తాయి.

ఇక రంగు. స్ట్రాబెర్రీ ఎరుపు ప్రధానంగా పెలార్గోనిడిన్ అనే ఆంథోసయనిన్‌ది. దాని తయారీని నడిపే జన్యువు ఎంవైబీ10. యెల్లో వండర్, హవాయి 4 అనే అడవి రకాల పళ్లు పండినా తెల్లగానో లేత పసుపుగానో ఉంటాయి. వాటి ఎంవైబీ10లో ఒకే ఒక్క అక్షరం మారింది. దానివల్ల ప్రొటీన్‌లో పన్నెండో స్థానాన ట్రిప్టోఫాన్ బదులు సెరీన్ వచ్చి కూర్చుంది. అంతే, ఎరుపు పోయింది. తయారైన రంగును కణంలోని కోశానికి చేరవేసే ఆర్‌ఏపీ జన్యువు చెడినా పండు తెల్లబడుతుంది. చిలీలో ఇప్పటికీ పండించే తెల్ల స్ట్రాబెర్రీ, జపాన్ అంగళ్లలో అధిక ధరకు అమ్మే తెల్ల రకాలు ఎరుపు లేకుండానే పండుతాయి.

ఇక్కడ గమనించాల్సింది ఆ తెల్ల పళ్లు పచ్చివి కావన్న సంగతి. అవి మెత్తబడతాయి, తీపెక్కుతాయి, ఘుమఘుమలాడతాయి. ఎంవైబీ10 పని పోయినా మిగతా పక్వత దాదాపు యథాతథంగా నడిచింది. ఎరుపు పక్వతలో ఒక భాగం మాత్రమే, దానికి గుర్తు కాదు. అలాంటప్పుడు దీనికి వ్యతిరేకం కూడా సాధ్యమే: తీపి, వాసన వెనకబడి ఎరుపు ముందు పరుగెత్తే రకాన్ని ఎంచుకుంటూ పోవచ్చు. ప్రపంచమంతటా స్ట్రాబెర్రీ ప్రజననంలో కొన్ని దశాబ్దాల పాటు జరిగింది దాదాపు ఇదే. దూరాలు పోవాలి కాబట్టి గట్టిదనం, బల్ల మీద మెరవాలి కాబట్టి ఎరుపు, తూకం రావాలి కాబట్టి పరిమాణం. నాలుక, ముక్కు చివర వచ్చాయి.

వాసన లెక్క తేల్చడం సులువు కాదు. స్ట్రాబెర్రీలో ఇప్పటిదాకా మూడు వందల అరవైకి పైగా ఆవిరయ్యే పదార్థాలను గుర్తించారు. ఏ ఒక్కదానికీ స్ట్రాబెర్రీ వాసన లేదు. పాకం వాసన ఇచ్చే ఫ్యురనియోల్, పళ్ల పరిమళం ఇచ్చే ఎస్టర్లు, పూల వాసన ఇచ్చే లినలూల్ కొన్ని పాళ్లలో కలిసినప్పుడే ముక్కు ఆ పండును గుర్తుపడుతుంది. 2000లో నెదర్లాండ్స్‌లో అసఫ్ అహరోనీ బృందం 1,701 స్ట్రాబెర్రీ జన్యు శకలాలను గాజు పలకపై అమర్చి, పండే కొద్దీ ఏవి చురుకవుతున్నాయో ఒకేసారి చూసింది. ఎస్టర్లను తయారుచేసే ఎస్ఏఏటీ జన్యువు దొరికింది అలాగే. అదే బృందం 2004లో అడవి పండునూ సాగు పండునూ పోల్చింది. సాగు రకంలో ఒక జన్యువు తన ఎంజైము కణంలో పనిచేసే చోటును మార్చుకుని లినలూల్, నెరోలిడాల్ తయారుచేయడం మొదలుపెట్టింది. అడవి పండులో పైన్ వాసన ఇచ్చే ఇంకో జన్యువు సాగు రకంలో చెడిపోయింది. సాగులో కొంత పోగొట్టుకున్నాం, కొంత సంపాదించుకున్నాం అన్నది అక్షరాలా జన్యువుల్లోనే కనిపించింది.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ గామా డెకాలాక్టోన్. పీచ్ పండు పరిమళం దీనిది. కొన్ని స్ట్రాబెర్రీ రకాల్లో ఇది ఉంటుంది, కొన్నిటిలో బొత్తిగా ఉండదు. 2014లో ఫ్లోరిడాలోనూ స్పెయిన్‌లోనూ రెండు బృందాలు విడివిడిగా ఒకే జన్యువు దగ్గరికి చేరాయి. ఆ ఎఫ్ఏడీ1 జన్యువు ఉన్న రకంలో పరిమళం ఉంది, లేని రకంలో లేదు. ఇప్పుడు చిన్న మొక్క ఆకు ముక్క తీసి డీఎన్‌ఏ పరీక్ష చేస్తే, అది కాయకముందే ఆ పరిమళం వస్తుందో రాదో చెప్పేయొచ్చు.

వాసన రుచికి తోడుగా ఉండటమే కాదు, తీపినే పెంచుతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం 2014లో ప్రచురించిన అధ్యయనంలో 35 రకాల స్ట్రాబెర్రీలను జనానికి రుచి చూపించి, వాటి రసాయనాలను కొలిచారు. కొన్ని పరిమళ పదార్థాలు చక్కెరతో సంబంధం లేకుండానే పండును మరింత తియ్యగా అనిపించేలా చేశాయి. ఎండలు ముదిరేకొద్దీ అదే తోటలో చక్కెర తగ్గడం కూడా ఆ అధ్యయనంలో నమోదైంది.

గట్టిదనాన్ని రుచిని పణంగా పెట్టకుండా తెచ్చుకోవడం కూడా అసాధ్యం కాదు. కణాల మధ్య జిగురులాంటి పెక్టిన్‌ను కరిగించే ఎంజైముల్లో పెక్టేట్ లయేజ్ ఒకటి. మాలగా పరిశోధకులు 2002లో చాండ్లర్ రకంలో దాని పని తగ్గించగా పండు గట్టిగా నిలిచింది. తరవాత పాలీగెలాక్టురోనేజ్ జన్యువును తగ్గించినప్పుడూ అదే ఫలితం. ఫ్లేవర్ సేవర్ టమాటాలో అణచిన ఎంజైము ఇదే. అక్కడ గట్టిదనం అనుకున్నంత రాలేదు, స్ట్రాబెర్రీలో ప్రభావం ఎక్కువగా కనిపించింది. గట్టిదనం వేరే జన్యువుల చేతిలో ఉంది కాబట్టి దాని కోసం పచ్చి కాయ తెంపాల్సిన అగత్యం లేదు.

మన దేశంలో స్ట్రాబెర్రీ అంటే ముందు మహాబలేశ్వర్. దేశంలో పండే దానిలో అధిక భాగం అక్కడిదే. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తెలుగునాట అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలం లంబసింగి, సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న చల్లని ఊరు. చలికాలపు మంచు చూడటానికి వచ్చేవాళ్లు అక్కడి తోటల్లోకి దిగి స్ట్రాబెర్రీలు కొనుక్కుంటున్నారు. మన దేశంలో నాటే వింటర్ డాన్, స్వీట్ చార్లీ ఫ్లోరిడాలో పుట్టిన రకాలు, కామరోసా కాలిఫోర్నియాది. ఆ నేలలకు, ఆ బజార్లకు, ఆ లారీ దూరాలకు తగ్గట్టు ఎంచుకున్నవి అవి. లంబసింగి రైతు చాలావరకు తోట గట్టునే అమ్ముకుంటాడు. వందల కిలోమీటర్ల ప్రయాణం తట్టుకునే గట్టిదనం అతనికి మొదటి అవసరం కాదు, నోట పెట్టుకున్నవాడు మళ్లీ వెతుక్కుంటూ వచ్చే వాసన అవసరం. పూర్తిగా పండాకే తెంపగల వీలు అతనికి ఉంది. ఆ వీలు మహానగరాలకు సరుకు పంపే రైతుకు లేదు.

కొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఎర్ర రకాల్లో తొడిమ రేకుల కింద పండు భుజాలు తెల్లగా ఉంటే సాధారణంగా అది ఇంకా పూర్తిగా పండలేదు. కొన ఎంత ఎర్రగా మెరిసినా సరే, డబ్బా మూత తీసి వాసన చూసి కొనండి. వాసన రాని పండును రంగు చూసి కొంటున్నంతకాలం పండించేవారూ రంగునే పండిస్తారు.

పరిశోధన సంస్థలకు ఒక విన్నపం. చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం, రెండు తెలుగు రాష్ట్రాల ఉద్యాన విశ్వవిద్యాలయాలు స్ట్రాబెర్రీ రకాలను పరీక్షించేటప్పుడు దిగుబడి, కాయ బరువు, గట్టిదనంతో పాటు చక్కెర శాతాన్నీ, గామా డెకాలాక్టోన్ జన్యువు ఉందో లేదో తెలిపే డీఎన్‌ఏ పరీక్షనూ, స్థానికులకు తినిపించి చేసే రుచి పరీక్షనూ పట్టికలో చేర్చాలి. ఆ వివరాలు రకం పేరు పక్కనే రైతుకు తెలుగులో అందాలి. వచ్చే నాట్ల కాలానికి ముందే ఈ పని మొదలుపెట్టవచ్చు. కావలసిన జన్యు సమాచారమంతా ఇప్పటికే అచ్చయి, అందరికీ అందుబాటులో ఉంది.